ఎడమ పక్క సున్నా

అనురాగ్ రూపాయి బిళ్ళ వేశాడు. బరువు చూసే మిషన్‌లో ఎర్ర బల్బులు, పచ్చ బల్బులు గిర్రున తిరిగాయి. దాని కడుపులో ఏదో గుడగుడలాడి, చిన్న అట్టముక్క ఒకటి కింది గూట్లో పడింది. ముందువైపు బరువు: అరవై ఒక్క కిలోలు. వెనకవైపు జోస్యం: 'మీకు దీర్ఘాయుష్షు.'

అది చదవడానికి అతనికి రెండు సెకన్లు పట్టింది. మూడో సెకనులో వీపులోంచి గుండు దూరింది.

1999 డిసెంబరు, గురువారం. చిక్కడపల్లి దాటాక క్రాస్‌రోడ్స్ దగ్గరి ఒక సినిమా హాలు. మార్నింగ్ షో టికెట్ల కోసం జనం తోసుకుంటున్నారు. సైలెన్సర్ బిగించిన పిస్తోలు ఆ గోలలో సోడా సీసా కొట్టినంత చప్పుడు కూడా చేయలేదు.

విన్నవాడు ఒక్కడే. పది అడుగుల దూరంలో ఖాకీ చొక్కా వేసుకుని, రెంచీల సంచీ పట్టుకుని నిలబడిన ఇంద్రసేన.

అతను సర్కారు గూఢచారి సంస్థ బ్యూరోలో ఏజెంటు. మారువేషం, కాంటాలూ తూకపు రాళ్ళూ బాగుచేసే దుకాణం. నిజానికి అది వేషం కాదు, చిక్కడపల్లి గల్లీలో ఆ దుకాణం అతని తాత పెట్టింది. కిరాయి వేషం ఎక్కడో ఒకచోట కుట్లు విప్పుకుంటుంది, సొంత వేషం ఒంటికి అతుక్కుంటుంది. పదిహేనేళ్ళుగా ఇంద్రసేన లోకాన్ని కాంటా మీద పెట్టే చూస్తున్నాడు. ప్రతి మనిషికీ ఒక తూకం, ప్రతి మాటకూ ఒక తరుగు.

గళ్ళ చొక్కా హంతకుడు పిస్తోలు ఇటు తిప్పాడు. రెండో గుండు ఇంద్రసేన ఎడమ భుజం తోలు చీల్చుకుంటూ పోయి పోస్టరులోని హీరోయిన్ నుదుట దిగింది. అది ఒకటో గాయం. మూడో గుండుకు ఇంద్రసేన టైము ఇవ్వలేదు. సంచీని ఒక చుట్టు తిప్పి వాడి మోకాలి మీదికి వదిలాడు. సంచీలో రెండు కిలోల ఇనుప రాయి ఉంది. చిప్ప పగిలింది. వాడు కూలబడుతూనే నడుములోంచి కత్తి తీశాడు. ఇంద్రసేన ఆ కత్తిని ఉత్త చేత్తో పట్టుకున్నాడు. రెండో గాయం. పట్టుకున్న కత్తి వదలకుండా, రెండో చేత్తో సంచీని మళ్ళీ తిప్పాడు. ఈసారి కణత మీద.

మూడో దెబ్బ అవసరం పడలేదు. అవసరం లేని దెబ్బ దండగ.

అనురాగ్ మిషన్‌కు ఆనుకుని జారిపోతున్నాడు. ఇరవై నాలుగేళ్ళ ప్రోగ్రామర్. రెండు నెలలుగా బ్యూరోకు రహస్యాలు అందిస్తున్నవాడు. నోట్లోంచి నురగ, ఆ నురగలో ఎరుపు.

"ఫ్లాపీ... లోపలి జేబుల ఉంది అన్నా."

"మాట్లాడకు. అంబులెన్స్ వస్తది."

"బాంబు రెడీ చేసిన్రు. రేపు పదకొండింటికి. గిట్లాంటి మిషన్లనే వెట్టిన్రు." రక్తపు చేత్తో బరువు మిషన్‌ను చరిచాడు.

"ఏడ పెట్టిన్రు? ఏ జాగల?"

జవాబు రాలేదు. అట్టముక్క ఇంకా అతని వేళ్ళ మధ్యే ఉంది. జోస్యం వైపు పైకి.

*

నారాయణగూడలో ఒక మేడ మీద టైపు ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఇరవై మిషన్లు ఒకేసారి టకటకలాడుతుంటే పక్క గదిలో ఎవరేం మాట్లాడినా గోడకు కూడా వినపడదు. బ్యూరో హైదరాబాద్ ఆఫీసు ఆ పక్క గదే.

"లోయర్ పరీక్షకు పేరు రాయించుకోవాలె," అన్నాడు ఇంద్రసేన తలుపు దగ్గర.

"హయ్యర్ పాసైనోనికి లోయర్ ఎందుకు?" అంది లోపలి గొంతు. కోడ్ సరిపోయింది.

ఆ ఆఫీసు పెద్ద ప్రభావతికి యాభై ఐదేళ్ళు. ఆమెకు నచ్చనిది ఏదైనా సరే స్పెల్లింగ్ మిస్టేక్. అతని అరచేతికి కట్టు కడుతూనే బ్రీఫింగ్ మొదలుపెట్టింది.

"పేరు క్రోల్. ఏ దేశం పాస్‌పోర్టు అడిగితే ఆ దేశంది చూపిస్తాడు. అశోక్‌నగర్ నాలా పక్కన పాత బంగళాలో సాఫ్ట్‌వేర్ కంపెనీ అని బోర్డు. పోషించేవాళ్ళు సముద్రం అవతల ఉన్నారు. లోకల్ పార్టనర్ కిషన్ రావు."

"గోనెసంచుల కిషన్ రావా? నా దగ్గరనే రాళ్ళు కొంటడు మేడం. ఎన్ని రాళ్ళు కావాల్నో చీటీ రాసి పంపుతడు. ఐదు కావాల్నంటే ఐదు రాయడు, సున్నా ఐదు అని రాస్తడు. ఎడమ పక్క జాగ ఖాళీగ ఉంటే ఎవడో ఒక గీత గీసి పదిహేను చేస్తడని వాళ్ళ తాత నేర్పిండట. ఇడ్లీల లెక్క రాసినా అదే అలవాటు."

ప్రభావతి ఫ్లాపీని కంప్యూటర్‌లో పెట్టింది. స్క్రీన్ మీద తెల్లటి పేజీ తెరుచుకుంది. మధ్యలో ఒకే ఒక పెట్టె. పెట్టె పక్కన 'నిమిషాలు'. కింద ఒక బటన్.

"అనురాగ్ వాళ్ళ కోసం రాసిన వెబ్ పేజీ ఇది. ఈ పెట్టెలో ఎనిమిది అని కొట్టి బటన్ నొక్కితే, ఆ అంకె మోడెమ్ గుండా పోయి బాంబులో ఉన్న పేజర్‌కు అందుతుంది. సరిగ్గా ఎనిమిది నిమిషాలకు పేలుతుంది."

"సున్నా కొడితే?"

"మంచి ప్రశ్న. సున్నా అందితే బాంబు తన తీగ తానే తెంపుకుంటుంది. శాశ్వతంగా చచ్చిపోతుంది. క్రోల్ ఒక్కడికే తెలిసిన వేరే దారిలో తమ సరుకు తామే రద్దు చేసుకోవడానికి పెట్టుకున్న ఏర్పాటు. అయితే పొరపాటున ఎవరూ సున్నా కొట్టకూడదని ఈ పేజీకి కాపలా పెట్టించారు. చూడు."

ఆమె పెట్టెలో అక్షరాలు కొట్టింది. 'అంకెలు మాత్రమే' అని స్క్రీన్ మీద హెచ్చరిక దూకింది. మైనస్ గుర్తు కొట్టింది. మళ్ళీ అదే. చుక్క కొట్టింది, ఖాళీగా వదిలింది. పేజీ కసిరింది. ఒంటరిగా సున్నా కొట్టింది. అప్పుడూ కసిరింది.

"గట్టి కాపలానే," అన్నాడు ఇంద్రసేన.

"ఇప్పుడు ఇది చూడు." ఆమె సున్నా కొట్టి, పక్కన ఎనిమిది కొట్టింది. 08. బటన్ నొక్కింది. పేజీ కిక్కురుమనలేదు. లోపలికి తీసుకుంది. తీసుకున్న విలువను ఆమె స్క్రీన్ మీదే ఇంకో కిటికీలో చూపించింది.

సున్నా.

"గదెట్ల?"

"పెట్టెలో కొట్టింది దానికి ఉత్త రాత. దాన్ని అంకెగా మార్చుకునేటప్పుడు, ఎడమ పక్క సున్నా కనిపిస్తే ఈ జావాస్క్రిప్ట్ పదుల లెక్క వదిలేసి ఎనిమిదుల లెక్కలోకి పోతుంది. ఎనిమిదుల లెక్కలో అంకెలు ఏడుతోనే ఆఖరు."

ఇంద్రసేన కాసేపు ఆలోచించాడు. "మా తాత కాలంల అర్ధసేరుకు ఎనిమిది ఛటాకులు. ఏడు ఛటాకులు అంటరు గని ఎనిమిది ఛటాకులు అనరు, అర్ధసేరు అంటరు. ఎనిమిది అనే రాయే ఆ లెక్కల లేదు. గంతేనా?"

"అంతే. లేని రాయిని అడిగావు. తెలియదని ఒప్పుకోవడానికి సిగ్గుపడి సున్నా అంటుంది. తొమ్మిదికీ ఇదే గతి. ఏడు దాకా మాత్రం సరిగ్గానే చెబుతుంది."

"అంటే కాపలావాడు రాయి మీద ముద్ర చూసిండు, బరువు చూడలే. మా దందాల రోజూ జరిగేదే మేడం. పైన సర్కారు ముద్ర, అడుగున తొలిచి లక్క నింపుతరు."

ప్రభావతి ఫైలు అడుగుకు జరిపి ఒక వరుస చూపించింది. కంప్యూటర్ కోసం కాదు, చదివే మనుషుల కోసం అనురాగ్ రాసిన వరుస. 'సున్నా ఎనిమిది, సున్నా తొమ్మిది. చూసిన. సరిచెయ్యలే.'

ఇంద్రసేన ఆ వరుసను రెండుసార్లు చదివాడు.

"ఈ పేజీ బంగళాలో క్రోల్ గదిలోని కంప్యూటర్‌లోనే పని చేస్తుంది," అంది ప్రభావతి. "నువ్వు ఆ గదిలోకి పోవాలి. రెండు అంకెలు కొట్టాలి. లోపల మన మనిషి రాగిణి ఉంది."

"ఆమె మన మనిషా, వాళ్ళ మనిషా?"

"రెండు పళ్ళేలలోనూ ఒక్కో కాలు పెట్టింది. ఏ వైపు మొగ్గుతుందో నాకూ తెలియదు. ముందు ఆ మిషన్ ఎక్కడుందో పట్టుకో. వాళ్ళ మనుషులు తిరిగేది చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌లలోనే."

*

ఆ మూడు పేటల్లో ఏ మూల ఏ బరువు మిషన్ ఉందో తెలిసినవాడు బుగ్గయ్య. మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వలస వచ్చి, కవాడిగూడ బస్తీలో ఉంటూ తోపుడు బండి లాగుతాడు. రిపేరుకు వచ్చే ప్రతి మిషనూ అతని బండి మీదే దుకాణానికి వస్తుంది. ముప్పై ఏడు మిషన్లు చెప్పాడు. శుక్రవారం పొద్దున పది దాకా ఇద్దరూ ముప్పై ఆరు చూశారు. అన్నీ శుద్ధమైనవే.

"ఇగ ఒక్కటే ఉంది సారూ. నారాయణగూడ ఫంక్షన్ హాల్ల. సోమారం దించిన్రు. నన్ను బిలువలె, వాళ్ళే మోసుకొచ్చిన్రు. మా ఇంటిది ఆడనే ఊడుస్తది."

హాలు ముందు బ్యాండు మేళం వాయిస్తోంది. మామిడాకుల తోరణం కింద చీపురు పట్టుకుని బుగ్గయ్య పెళ్ళాం కురుమమ్మ నిలబడి ఉంది. సన్నగా, ఎండిన కందికట్టెలా ఉంటుంది.

"అగో, గా మిషనా? పాడు మిషను సారూ," అంది. "నేనెక్కితే యాభై రెండన్నది. వంటాయన ఎక్కిండు, ఏనుగసొంటోడు, ఆయనకూ యాభై రెండే. రూపాయి దండగ."

ఇంద్రసేన మిషన్ వైపు తిరిగాడు. ఎవరెక్కినా ఒకే బరువు చెప్పే కాంటాలో స్ప్రింగు ఉండదు. స్ప్రింగు తీసేసిన జాగాలో ఇంకేదో పెడతారు. ఉత్తినే పెట్టరు.

రోడ్డు అవతలి ఎస్‌టీడీ బూత్ నుంచి ప్రభావతికి ఫోన్ చేశాడు. హాలు పేరు వినగానే ఆమె గొంతు మారింది.

"అక్కడ జరిగేది పెళ్ళి కాదు ఇంద్రసేనా. రక్షణ శాఖ సైంటిస్టులు నలభై మంది. బయటికి తెలియకుండా పెళ్ళి వేషంలో సమావేశం పెట్టుకున్నారు. తొమ్మిదింటికే వచ్చి కూర్చున్నారు."

"ఖాళీ చేయిద్దాం."

"హాల్లో వాళ్ళ మనిషి ఒకడున్నాడు, ఎవడో తెలియదు. నలుగురు లేస్తే ఫోన్ కొడతాడు. క్రోల్ ఒకటి అని కొడతాడు. ఒక్క నిమిషంలో అయిపోతుంది."

"మిషన్ తెరిస్తే?"

"మూత కదిలితే పేలుతుంది. పేజర్ సిగ్నల్ ఆపినా పేలుతుంది. అన్నీ ఫ్లాపీలో రాశాడు. నీకు నలభై నిమిషాలున్నాయి."

బూత్ బయట బుగ్గయ్య అంతా విన్నాడు.

"నలభై మందా సారూ?"

"నలభై."

"కాదు. నలభై ఒక్కటి. మా కురుమిని లెక్కల వట్టలే మీరు."

"పిలుచుకో బుగ్గయ్యా. జల్ది."

బుగ్గయ్య పరుగున పోయి ఆమె చెవిలో చెప్పాడు. ఆమె మిషన్ వైపు చూసింది, ఇంద్రసేన వైపు చూసింది. కొంగు బిగించింది.

"నేను చీపురు వారేసి పోతే గా మనిషెవడో పసిగట్టడా? గంట సంది గేటు కాడ ఒక కళ్ళద్దాలోడు నన్నే జూస్తున్నడు," అంది మెల్లగా. "నువ్వు పో. సార్‌తోని పోయి పని జేస్కరా. నేను ఊడుస్తనే ఉంట."

అని మిషన్ చుట్టూ మళ్ళీ ఊడవడం మొదలుపెట్టింది. ఇంద్రసేన జీవితంలో చాలా మంది ధైర్యాన్ని తూచాడు. దీనికి సరిపోయే రాయి అతని దుకాణంలో లేదు.

*

అశోక్‌నగర్ బంగళా వెనక నాలా కంపు. గోడ మీద గాజు పెంకులు. బుగ్గయ్య బండి మీదికెక్కి, గోడ మీద గోనెసంచి వేసి ఇంద్రసేన దూకాడు. గోనెసంచి పలచనిది. పిక్క చీలింది. మూడో గాయం.

"బండి సందు మొదట్ల పెట్టు," అన్నాడు గోడ ఇవతల్నుంచి. "పదకొండుంబావుకు నేను రాకుంటే..."

"నువ్వస్తవ్ సారూ," అన్నాడు బుగ్గయ్య. అది ధైర్యం చెప్పడం కాదు. ఆజ్ఞ.

వెనక తలుపు మీద రెండు సార్లు, ఆగి ఒకసారి తట్టాడు. తలుపు తెరిచింది రాగిణి. మామూలు నేత చీర కట్టినా పట్టు చప్పుడు చేసే మనిషి. కంపెనీకి రిసెప్షనిస్టు, బ్యూరోకు ఇన్‌ఫార్మరు. పెదవుల మీద ఎర్ర రంగు. చేతిలో నల్ల పిస్తోలు.

"రండి ఏజెంటు గారూ. మీ కోసమే చూస్తున్నం," అంది.

చీకటి వసారాలోంచి ఒక దుడ్డుకర్ర వచ్చి అతని పక్కటెముకల మీద పడింది. నాలుగో గాయం. కర్ర పట్టుకున్న కాపలావాడు రెండోసారి ఎత్తేలోపే ఇంద్రసేన వాడి గొంతు మీద మోచేత్తో పొడిచాడు. వాడు గిలగిలా కొట్టుకుంటూ మెట్ల మీద తలకిందులుగా పడ్డాడు, మెడ వంకర తిరిగింది. అయితే అప్పటికే పిస్తోలు గొట్టం ఇంద్రసేన చెవి వెనక చల్లగా ఆనింది.

"చాలు. పైకి నడువు," అంది రాగిణి. అతని సంచీ లాక్కుంది.

పై గదిలో క్రోల్ ఉన్నాడు. పాలిపోయిన కళ్ళు, ఇస్త్రీ చెదరని సూటు. కిటికీ దగ్గర కిషన్ రావు, తెల్ల లాల్చీలో, నోట్లో జర్దా పాన్. బల్ల మీద కంప్యూటర్. స్క్రీన్ మీద తెల్లటి పేజీ, ఒకే ఒక పెట్టె.

"ఏందయ్యా ఇంద్రసేనా," అన్నాడు కిషన్ రావు. "కాంటాలమ్ముకునేటోనివి, నీకెందుకీ పెద్ద బరువు?"

"నీ దగ్గర రాళ్ళు తక్కువ తూగుతున్నయట కాకా. చెక్ చేద్దామని వచ్చిన."

క్రోల్ పిస్తోలు మడమతో నుదుటి మీద కొట్టాడు. ఐదు. రక్తం కంట్లోకి కారింది. చేతులు ముందుకు పెట్టించి వైరుతో కట్టి, బల్ల పక్కన మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు. రాగిణి సంచీలోని రెండు కిలోల రాయి తీసి, బల్ల మీద కాగితాలు ఎగరకుండా వాటి మీద పెట్టింది.

"ఆ కుర్రాడు నీకేం చెప్పాడు?" క్రోల్ ఇంగ్లీషులో అడిగాడు.

"దీర్ఘాయుష్షు అని చెప్పిండు."

క్రోల్ అతని ఎడమ చిటికెన వేలు పట్టుకుని వెనక్కి విరిచాడు. టపుక్కుమంది. ఆరు. ఇంద్రసేన అరిచాడు. అరవడం నష్టం కాదు. అరవకపోతే ఇంకో వేలు పోతుంది.

"మళ్ళీ అడుగుతున్నాను."

"ఏం చెప్పలే. చచ్చిపోయిండు."

గోడ గడియారం పదకొండుకు రెండు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. క్రోల్ కుర్చీ లాక్కుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. పిస్తోలు ఎడమ చేతికి మార్చుకున్నాడు. కుడి చెయ్యి బల్ల అంచు మీద పెట్టాడు. కీబోర్డుకు జానెడు దూరం.

"దీన్ని కళ్ళారా చూసి చస్తాడు," అన్నాడు.

ఇంద్రసేన ఆ చెయ్యి వైపు చూశాడు. అతని లెక్క తప్పింది. కీబోర్డు దగ్గర తను ఉండాల్సింది, క్రోల్ ఉన్నాడు. క్రోల్ తాత గోనెసంచుల వ్యాపారి కాదు. అతను ఎనిమిది కొట్టాలంటే ఎనిమిదే కొడతాడు, ఎడమ పక్క సున్నా పెట్టడు. ఎనిమిది నిమిషాల తర్వాత నారాయణగూడలో నలభై ఒక్క మంది ఉండరు.

ఫోన్ మోగింది. కిషన్ రావు ఎత్తాడు.

"చెప్పురా అభిజిత్." విన్నాడు. పెట్టేశాడు. "మా మేనల్లుడు. గేటు కాడ ఉన్నడు. పెళ్ళివారు అందరు కూసున్నరట."

క్రోల్ చెయ్యి బల్ల అంచు మీద నుంచి లేవబోయింది.

ఇంద్రసేన లేచాడు. వైరుతో కట్టిన రెండు చేతులతో బల్ల మీది ఇనుప రాయిని ఎత్తి, ఆ చేతి మీదే దించాడు. రెండు కిలోలు, రవ్వంత తరుగు లేకుండా. మణికట్టు పలకలా పగిలింది. క్రోల్ గొంతులోంచి జంతువు అరుపు వచ్చింది. ఎడమ చేతిలోని పిస్తోలు పేలింది. గుండు ఇంద్రసేన తొడ కండలోంచి దూసుకుపోయింది. ఏడు. అతను నేల మీద పడ్డాడు. క్రోల్ బూటు కాలు అతని గొంతు మీద ఆనింది.

కుడి చెయ్యి వేలాడుతోంది. ఎడమ చేతిలో పిస్తోలు ఉంది. దాన్ని వదిలితే కింద ఉన్నవాడు లేస్తాడని క్రోల్‌కు తెలుసు.

"రాగిణీ, నువ్వు కొట్టు!"

రాగిణి కీబోర్డు వైపు చూసింది. నేల మీది ఇంద్రసేన వైపు చూసింది. కాంటా ముల్లు మధ్యలో వణికినట్టు ఆమె కనురెప్పలు వణికాయి.

"మెట్ల మీద కాపలా మనిషి చచ్చి పడున్నడు సార్," అంది. "ఈయన ఒక్కడే వచ్చిండో, ఇంకెవరైనా ఉన్నరో. తలుపు కాడ నేనుంట. కిషన్ రావు గారిని కొట్టమనండి."

పిస్తోలుతో తలుపు దగ్గరికి నడిచింది.

కిషన్ రావు కుర్చీలో కూర్చున్నాడు. కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. కుడి చూపుడు వేలు చాచాడు.

"ఐదు కొట్టు!" అరిచాడు క్రోల్. "ఇప్పటికే ఆలస్యమైంది. ఐదు చాలు!"

ఇంద్రసేన నేల మీదే లెక్క వేసుకున్నాడు. సున్నా ఐదు అంటే ఐదే. ఏడు దాకా ఆ దిక్కుమాలిన లెక్క సరిగ్గానే చెబుతుంది.

కిషన్ రావు వేలు గాలిలో ఆగింది. "ఐదు నిమిషాల్ల మా అభిజిత్ ఎట్ల బయటపడతడు? మా అక్కకు ఏం మొహం చూపియ్యాలె? ఎనిమిది అనుకున్నం, ఎనిమిదే."

"ముసలోడా, కొట్టమన్నది చెయ్యి!"

"అరవకు సాబ్. లెక్కంటె లెక్కనే."

వేలు దిగింది. ముందు సున్నా మీద. తర్వాత ఎనిమిది మీద. వేలు తీసి, కళ్ళద్దాల పైనుంచి ఒకసారి చూసుకున్నాడు. 08. ఎడమ పక్క ఎవడూ గీత గీయడానికి జాగా లేదు. తృప్తిగా బటన్ నొక్కాడు.

పేజీ కసరలేదు. మోడెమ్ కీచుమంది. 'అందింది' అని స్క్రీన్ మీద పడింది.

ఇంద్రసేన కళ్ళు మూసుకున్నాడు. క్రోల్ దాన్ని భయం అనుకుని నవ్వాడు.

మూడు నిమిషాలు. కిషన్ రావు కొత్త పాన్ వేసుకున్నాడు. ఐదు. క్రోల్ విరిగిన చేతిని ఛాతీకి అదుముకుని పళ్ళు కొరికాడు. ఏడు. కింద రోడ్డు మీద ఎవడో కూరగాయలు అమ్ముతూ అరుస్తున్నాడు. ఎనిమిది.

నారాయణగూడ వైపు నుంచి పేలుడు రాలేదు. గాలి వాటున బ్యాండు మేళం వినిపించింది. ఎవరో కొత్త పాట అందుకున్నారు.

తొమ్మిది నిమిషాలు.

"ఏం కొట్టావు నువ్వు?" క్రోల్ గొంతు చీలింది. పిస్తోలు బల్ల మీద పడేసి కీబోర్డు మీదికి దూకాడు. ఎడమ చేత్తో ఒకటి కొట్టి బటన్ నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. అందింది, అందింది, అని స్క్రీన్ మర్యాదగా చెబుతూనే ఉంది. అవతల వినేవాడు చచ్చి తొమ్మిది నిమిషాలైంది.

గొంతు మీద బూటు లేదు. ఇంద్రసేన పక్కకు దొర్లి, మంచి కాలితో బల్లను తన్నాడు. మానిటర్ జారి కిషన్ రావు ఛాతీ మీద పడి బాంబులా పగిలింది. కిషన్ రావు కుర్చీతో సహా వెనక్కి విరుచుకుపడ్డాడు, పాన్ రసమూ రక్తమూ కలిసి లాల్చీ మీద పారాయి. గాజు ముక్క ఒకటి ఇంద్రసేన చెంపలో దిగింది. ఎనిమిది.

క్రోల్ పిస్తోలు అందుకున్నాడు. గొట్టం ఇంద్రసేన నుదుటికి గురిపెట్టాడు.

రెండు చప్పుళ్ళు. క్రోల్ సూటు మీద రెండు రంధ్రాలు. వాడు ఆశ్చర్యంగా తలుపు వైపు చూసి, పగిలిన గాజు మీద మోకాళ్ళ మీద పడి, అలాగే ముందుకు ఒరిగిపోయాడు.

తలుపు దగ్గర రాగిణి పిస్తోలు దించింది.

"గా ఎనిమిది సంగతి అనురాగ్ నాకే ముందు చెప్పిండు. కిషన్ రావు సున్నాలు నేను రోజూ చూసేటియే," అంది. గొంతులో పట్టు చప్పుడు లేదు. "నిన్న వాన్ని చంపిస్తరని నాకు తెలవదు. తెలిసుంటే నిన్ననే మొగ్గేదాన్ని."

"మరి నన్నెందుకు పట్టిచ్చినవ్?"

"ఈ గదిలకు ఇంకెట్ల వస్తవ్? క్రోల్ ఎవర్నీ మెట్లెక్కనియ్యడు, చేతులు కట్టేసినోన్ని తప్ప."

ఇంద్రసేన విరిగిన వేలు చూసుకున్నాడు. "కొంచెం తక్కువ కిరాయికి తేవాల్సింది."

*

సాయంత్రానికి బాంబు దళం వాళ్ళు మిషన్ తెరిచారు. తీగ తెగిపోయి ఉంది. గేటు దగ్గరి అభిజిత్‌ను పోలీసులు పట్టుకునే లోపే కురుమమ్మ చీపురు తిరగేసి కొట్టిందని, కళ్ళద్దాలు పగిలాయని రిపోర్టులో రాశారు. మానిటర్ కింద పడిన కిషన్ రావు బతికాడు. ఉస్మానియా వార్డులో పోలీసు కాపలా మధ్య పడుకుని, తన తప్పేమిటో ఎవరైనా చెప్పండని వచ్చిన ప్రతి డాక్టరునూ అడుగుతున్నాడు.

మర్నాడు కురుమమ్మ మొగుణ్ణి వెంటేసుకుని దుకాణానికి వచ్చింది. "నా అసలు బరువెంతో జూడు సారూ, ఆ పాడు మిషను మీద నాకు నమ్మకం లేదు," అంది. ఇంద్రసేన కుంటుకుంటూ లేచి పెద్ద కాంటా మీద తూచాడు. నలభై మూడు.

"గింతేనా?" అంది ఆమె, నష్టపోయినట్టు.

"కాంటాకు అందినంత చెప్పింది," అన్నాడు ఇంద్రసేన. బుగ్గయ్య బీడీ ముట్టించుకుని చాలాసేపు అటు తిరిగి నిలబడ్డాడు.

టైపు ఇన్‌స్టిట్యూట్ పక్క గదిలో ప్రభావతి అతన్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. ఢిల్లీ నుంచి కొత్త ఫారం వచ్చింది, ఇకనుంచి రిపోర్టులన్నీ ఇందులోనే. పేరు, తేదీ, చోటు నింపాడు. 'గాయాల సంఖ్య' దగ్గర ఒక పెట్టె.

'భుజం, అరచెయ్యి, పిక్క...' అని మొదలుపెట్టాడు. 'అంకెలు మాత్రమే' అని ఫారం కసిరింది.

ఇంద్రసేన వేలు ఎనిమిది మీద కాసేపు నిలబెట్టాడు. తర్వాత జాగ్రత్తగా పక్కకు జరిపి, ఏడు కొట్టాడు.

"ఎనిమిది కదా?" అంది ప్రభావతి.

"ఒకటి తరుగు కింద తీసెయ్యండి మేడం."